మళ్ళీ వచ్చినవాళ్ళు

అయినా ఆకులు రాలిపోయిన సంపెంగ గురించి చదవడానికి జనం పనిగట్టుకుని వస్తారా, వచ్చినవాళ్ళు చదివి ఊరుకోక మర్నాడు మళ్ళీ వస్తారా, అనుకుంటూ సత్యలక్ష్మి తెర మీదకి ఇంకాస్త వంగింది, ఆఫీసు కిటికీలోంచి ఎండ సూటిగా కంప్యూటర్ మీదే పడుతోంది, కొంగు అడ్డం పెట్టి చూసింది, తన వెబ్‌సైటుకి వచ్చేవాళ్ళ గీత కొబ్బరిచెట్టులా పైకి పోతోంది, తోడికోడలు హారతి గీత లాన్ గడ్డిలా నేలనంటుకునే ఉంది, గెలిచింది తనే, ఇక హాయిగా టీ తాగాల్సింది పోయి ఈ కడుపుమంట ఏంటి, ఇవాళ మావయ్యగారు జగన్నాథరావు గారికి సంగతి చెప్పాలి, ఉగాది వెళ్ళగానే తేల్చేద్దాం అన్నారాయన, కడియం నర్సరీని కొడుకులిద్దరికీ చెరిసగం పంచినా రోడ్డు మీది ఆఫీసు ఒక్కటే, కోడళ్ళకి చెరో వెబ్‌సైటూ దండగ, ఎవరిదానికి జనం ఎక్కువొస్తే అదొక్కటే ఉంచుదాం, ఆఫీసు తాళం కూడా వాళ్ళకే, అన్నారు, తాళం అంటే వట్టి తాళమా, లారీ దిగిన పార్టీతో ముందు మాట్లాడేది ఆ కుర్చీలో కూర్చున్న మనిషే, ఎవరి మడుల్లోంచి సరుకు ఎత్తాలో చెప్పేదీ ఆ మనిషే.

ఆ గీత ఊరికే లేచిందా, రాజమండ్రిలో సైట్లు చేసే కిరణ్ ఈ లెక్కల పేజీ చూపించిన రోజు నుంచీ తను దాన్ని బేరానికొచ్చినవాడి మొహం చూసినట్టు చూసింది, జనం మొదటి పేజీలోంచే వెనక్కి పోతున్నారని కనిపెట్టింది, ఫోటోలు తెరుచుకునేలోపు విసుగొస్తోందండీ అన్నాడు కిరణ్, అయితే చిన్నవి చెయ్యి అంది, పామ్ మొక్కల ధర అని వెతుక్కుంటూ వస్తున్నారంటే ధరలు తెచ్చి గుమ్మంలోనే పెట్టించింది, ధర చెప్పని కొట్లో ఎవరు నిలబడతారు, చూస్తుండగానే హారతి కన్నా మూడింతలు జనం, అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, అన్నదమ్ములవే కదండీ అని కిరణ్ రెండు సైట్ల లెక్కలూ ఒకే పాస్‌వర్డు కింద పెట్టాడు, హారతి వాటి మొహం కూడా చూడదు, తనే రోజూ రెండూ చూస్తుంది, అలా చూస్తుంటేనే కంటపడింది ఆ వరస, మళ్ళీ వచ్చినవాళ్ళు, తన దగ్గరికి వచ్చినవాళ్ళు ధర చూసి పోతున్నారు, పోయినవాళ్ళు పోయినట్టే, మొక్కల బాగోగులు రాసే హారతి దగ్గరికొచ్చేది గుప్పెడు మందే, ఆ గుప్పెడు మందీ మళ్ళీ మళ్ళీ వస్తున్నారు, వచ్చి తీరిగ్గా కూర్చుంటున్నారు, ఆ మాటకొస్తే ఈ ఇంట్లోనూ అంతే, వంట తనది, కబుర్లు హారతివి, వచ్చిన చుట్టం తన చేతి పులుసు తిని వెళ్ళేటప్పుడు హారతికి చెప్పి వెళ్తాడు.

అక్కా, కంప్యూటర్ ఖాళీయేనా, గుమ్మంలో హారతే, మోచేతుల దాకా ఎర్రమట్టి, కర్నూలు నుంచి ఒకాయన రాశాడు, సంపెంగ ఆకులు రాల్చేస్తోందంట, ఎవరి దగ్గర కొన్నాడే, మన దగ్గరే అక్కా, నీ మడుల్లోదే, కిందటి నెల లారీలో వెళ్ళింది, లారీ ఎక్కాక మొక్క మనది కాదు హారతీ, ఈ రోడ్డు మీద ఎవర్నైనా అడుగు, అవుననుకో, పాపం జ్వరమొచ్చిన పిల్లాడికి తీసినట్టు ఫోటో తీసి పంపాడు, దించగానే ఎండలో పెట్టేసి ఉంటాడు, కొన్నాళ్ళు నీడలో ఉంచితే చిగురేస్తుంది, మొక్క మంచిదే, నర్సరీవాళ్ళని తిట్టుకోకండి అని రాస్తాను, అంది, నర్సరీవాళ్ళంటే తనే కదా, తన తరఫున ఈవిడ నచ్చజెప్పడమొకటి, సత్యలక్ష్మికి ఒళ్ళు మండింది, నాకింకా పని ఉంది, తర్వాత రా, అని పంపేసి ఆ మళ్ళీ వచ్చినవాళ్ళ ఊళ్ళు తెరిచింది, హైదరాబాదు, బెంగుళూరు, కర్నూలు, అన్నిటికన్నా పైన రాజమండ్రి, రోజూ, ఒక్క రోజు తప్పకుండా, అదీ సంగతి, హారతి పుట్టిల్లు ఆ పక్కనే, ధవళేశ్వరం, తమ్ముళ్ళు కూర్చుని నొక్కుతున్నారన్నమాట, దొంగ లెక్క, మావయ్యగారి ముందు పెట్టేస్తాను, అని ఫోనెత్తింది, కిరణ్ నవ్వాడు, కడియం లైన్లన్నీ అందులో రాజమండ్రి అనే పడతాయండి, అది మీ ఆఫీసు కంప్యూటరేనండి, అయితే హారతే, తన సైటు తనే చూసుకుని మురుస్తోంది, కాదండి, ఆవిడ రాసుకునే దారి వేరు, అది లెక్కకి రాకుండా పెట్టాను, ఇది చదివే మనిషండి, ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారండీ, అన్నాడు, సరేలే, లైను సరిగ్గా లేదు, అని పెట్టేసింది.

హారతి పేజీలోకి మొదట తప్పులు వెతకడానికే వెళ్ళింది, ఒట్టు, ఏం రాస్తుందో, ఎవరు మెచ్చుకుంటున్నారో చూసి వచ్చేద్దామని, మల్లెకి చలికాలం చివర నీళ్ళు తగ్గించి ఆకు దూసెయ్యాలని రాసింది, చూద్దాం ఈవిడ గొప్ప, అని పెరట్లో మొండికేసిన మల్లె దుబ్బుకి ఎవరూ లేనప్పుడు ఆకు దూసింది, ఇప్పుడు చెయ్యి దానంతటదే జడ మీదికి పోయింది, తలలో ఉన్నవి ఆ పూలే, వాసన ఇందాకటి నుంచీ గదంతా ఉంది, ఏమ్మా సత్యా, తేలిందా, అంటూ మావయ్యగారు లోపలికొచ్చారు, నాదేనండి మావయ్యగారూ, మూడింతలు, అంది, అబద్ధమేమీ కాదు, ఆయన బొడ్లోంచి తాళం తీసి బల్ల మీద పెట్టారు, ఇంకేం, ఇక ఈ కుర్చీ నీదే, వెనకాలే హారతి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ, మంచిదక్కా, నాకీ లారీ బేరాలు వచ్చి చావవు, మరి నాది ఇవాళే తీయించేస్తావా, ఆ కర్నూలాయనకి జవాబు రాసేదాకా ఆగుతావా.

ఏడవచ్చు కదా ఈ మనిషి, పోనీ ఒక్క పుల్లవిరుపు మాటైనా అనొచ్చు కదా, తాళం గుప్పిట్లో చల్లగా ఉంది, కిరణ్‌కి ఒక్క ఫోను చాలు, ఆ సైటు ఉండదు, కర్నూలాయన ఎటు పోతే తనకేం, హైదరాబాదువాళ్ళు ఇంకెక్కడో వెతుక్కుంటారు, మరి రాజమండ్రి, పొద్దున్నే టీ పక్కన పెట్టుకుని తన పేజీ కన్నా ముందు ఆ పేజీ తెరిచే మనిషి, పూలైపోయాక మల్లెని ఏం చెయ్యాలో హారతి ఇంకా రాయనే లేదు, లెక్క అక్కడ తేలింది సత్యలక్ష్మికి, ధర చూసి పోయేవాళ్ళు ఎంతమందైనా తనకి దొరుకుతారు, హారతికి దొరికిన మనుషుల్లో అందరికన్నా విడవకుండా వచ్చేది మాత్రం తనే, ఇలా కూర్చుని రాసుకో, ఉండనీ నీది కూడా, మావయ్యగారికి నేను చెప్పుకుంటాను, అని తాళం కొంగున ముడేసుకుని, కుర్చీలోంచి లేచింది.