తలుపు చాటు దగ్గు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ముక్తేశ్వరంలో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ కోపం ఎక్కడ చచ్చిందో నాకే తెలియదు.

గోదావరికి ఆనకట్ట కట్టి, కాలువలు తవ్విన కొత్త రోజులు. ఆ ఏడు ముసురు వదల్లేదు, ఇంటింటా దగ్గే. ముత్యాలరాజుగారు కబురు పెడితే మందుల పెట్టె చంకన పెట్టుకుని వెళ్లాను. ఆయన కోడలు సత్యవేణికి పది రోజులుగా దగ్గని ఇంట్లో ఆడవాళ్లు చెప్పారట. కొడుకు దావా పనిమీద రాజమహేంద్రవరంలో ఉన్నాడు.

"నాడి చూడాలండి," అన్నాను.

"మా ఆడవాళ్ల చెయ్యి పరాయి మగాడు పట్టుకోడం మా ఇంటా వంటా లేదు మూర్తిగారూ. తలుపు వెనక కూర్చోబెట్టేను. దగ్గు వినండి, మందివ్వండి," అంటూ రాజుగారు నా పక్కనే కూర్చున్నారు.

చూడకుండా, తాకకుండా వైద్యమా, నా బొంద! లేచి వచ్చేయవలసింది. అంత పెద్దింటికి ఎదురు చెప్పలేక తలుపుకేసి చెవి పెట్టాను.

"అమ్మగారండీ, ఓసారి దగ్గండి," అంటోంది లోపల దాసి చిట్టెమ్మ. చాలాసేపటికి ఒక దగ్గు వినిపించింది. చిన్నది, పొడిగా, గొంతు సవరించుకున్నట్టు. మళ్లీ ఇంకొకటి. అంతే.

"కఫం పడుతోందా?" అని అడిగాను. చిట్టెమ్మ నోరు తెరిచేలోగా రాజుగారే అందుకున్నారు.

"అబ్బే, లేదండి. నా చెవిన ఎప్పుడూ పడలేదు."

కఫం పట్టిన దగ్గయితే అడ్డసరం ఆకు రసం, తేనెలో పిప్పలి పొడి ఇవ్వాలి. అవి కఫాన్ని బయటికి తోస్తాయి, ముందు దగ్గు పెరుగుతుంది. పొడి దగ్గయితే అతిమధురం, అందులో ఆవగింజంత నల్లమందు. అది దగ్గునే అణిచేస్తుంది. రొమ్ములో కఫం ఉన్నవాళ్లకి అదిస్తే ఊపిరి మూసుకుపోతుందని చిన్నప్పుడే మా నాన్నగారు నేర్పారు. నా చెవి మీద నమ్మకంతో పొడి దగ్గు మాత్రలే కట్టి ఇచ్చాను, పూటకొకటి.

నాలుగోనాడు పొద్దున్నే చిట్టెమ్మ వానలో తడుస్తూ మా అరుగు దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"అయ్యగారండీ, అమ్మగారు లేవట్లేదండి. రొమ్ములో గురగురమంటోందండి. నేనారోజే చెబుదామనుకున్నానండి, రాజుగారికి జడిసేనండి. మావగారికి వినబడేలా దగ్గితే మర్యాద కాదని చెంగు నోట్లో కుక్కుకునేవారండి. ఆ చెంగు ఉతికేది నేనేనండి. నిండా కఫమేనండి, నెత్తురు చారలతో."

"ముందే చెప్పి చావొచ్చు కదే!" అని అరిచాను. ఎవరి మీద ఆ కేకలు? మావగారు అక్కడ కూర్చున్నంతసేపూ ఆ పిల్ల దగ్గదని నాకు తట్టొద్దూ? ఇరవై ఏళ్లుగా ఈ ఇళ్లకు తిరుగుతున్నవాణ్ణి. రాజుగారూ, మీరు కాస్త అవతలికి వెళ్లండి అని ఒక్క మాట అంటే సరిపోయేది.

పిప్పలి, అడ్డసరం మూటకట్టుకుని బురదలో పరుగెత్తాను. రాజుగారి వీధి గుమ్మం దాటేసరికే లోపల ఏడుపులు మొదలయ్యాయి.

ముత్యాలరాజుగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పిల్ల రాత దేవుడలా రాసేడు, మీరేం చేస్తారు మూర్తిగారూ. మీ మందు మాత్రం గొప్పదండి. ఈ మూడు రోజులూ ఒక్కసారి కూడా దగ్గలేదు. సుఖంగా పోయింది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చిట్టెమ్మ స్తంభం పక్కన నిలబడి నా వంకే చూస్తోంది.

"ఆయ్," అని తలూపాను.