ముందు మెత్త తూటా

పదిహేడేళ్లు జాంబేజీ లోయలో వేటగాళ్లకు తోడు వెళ్లి బతికాను. విదేశాల నుంచి వచ్చిన అతిథి పక్కన నిలబడి ఏ అడవిదున్నను కొట్టాలో, ఎక్కడ కొట్టాలో, ఏ తూటాతో కొట్టాలో చెప్పడం నా పని. అడుగుజాడలు పట్టే పని తెండెకైది. జాడ చూసి అది ఆడదో మగదో, కుంటుతోందో, కడుపు నిండి ఉందో చెప్పేసేవాడు. అతను చెప్పింది తప్పిన రోజు నాకు ఒక్కటీ గుర్తులేదు. అయినా ఆ రోజు నేను వినలేదు.

తెండెకై నాకు సహ్విర. అంటే తాతల నాటి నుంచి మా రెండిళ్ల మధ్య నడిచే వేళాకోళపు నేస్తం. ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వాళ్లింట్లో చావు జరిగితే పోయినవాడి నడక, మాట దింపి ఏడ్చేవాళ్లను నవ్వించాల్సింది నేను. మా ఇంట్లో జరిగితే అతను. వాళ్లది దున్న వంశం, ఆ మాంసం ముట్టరు. మాది కోతి వంశం. ఇక చెప్పేదేముంది, పొద్దస్తమానం అదే గోల.

"మీ మేనమామ పేడేసి వెళ్లాడు, దణ్ణం పెట్టుకో" అనేవాణ్ణి.

"పెడతాలే. నువ్వు ముందు చెట్టు దిగు" అనేవాడు.

ఆ ఆగస్టులో బుడాపెస్ట్ నుంచి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. పెద్దమనిషి, నోట్లో నాలుక లేనివాడు. తన 458 రైఫిల్‌కు రెండు పెట్టెల తూటాలు తెచ్చుకున్నాడు, ఒకటి మెత్తవి, ఒకటి గట్టివి. మెత్త తూటా ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని లోపలే ఆగిపోతుంది. గట్టిది విచ్చుకోదు. ఎముకను కూడా తొలుచుకుని నేరుగా పోతుంది. మా లోయలో అందరిదీ ఒకటే పద్ధతి. దున్న మందలో ఉంటే మొదటి దెబ్బ మెత్తదానితో. అది పారిపోతుంటే వెనక నుంచి కొట్టడానికి గట్టివి.

అంతకు ముందు వారం ఇంకో అతిథి కొట్టిన మెత్త తూటా దున్న భుజం ఎముక మీదే చితికిపోయింది. దాని వెనక ముళ్ల పొదల్లో నాలుగు గంటలు తిరిగాం. 'తగరిరా దున్నలకు దురద గోకుతున్నాడట' అని పక్క క్యాంపువాళ్లు నా పేరు పెట్టి నవ్వుకున్నారని తెలిసింది. అదిగో, అక్కడ కాలింది నాకు.

"రైఫిల్లో పట్టే నాలుగూ గట్టివే పెట్టండి" అన్నాను డాక్టరుతో.

తెండెకై టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒంటరిదైతే నీ ఇష్టం. ఇది మంద. ముందు మెత్తది పెట్టించు సహ్విరా."

"మీ మేనమామకు నొప్పెడుతుందనా?"

"వెనకున్న అత్తయ్యకు తగులుతుందని."

క్యాంపంతా నవ్వింది, నేనూ నవ్వాను. డాక్టరుకు మా భాష రాదు. నేను చెప్పినట్టే నాలుగూ గట్టివే పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి వాగు దగ్గర మంద దొరికింది. పొద అంచున ముసలి మగదున్న అడ్డంగా నిలబడింది. డాక్టరు రైఫిల్ ఎత్తగానే తెండెకై నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. వెనక పొదలో ఏదో కదిలింది."

"గాలి" అన్నాను. డాక్టరు కొట్టాడు. దున్న నలభై అడుగులు పరుగెత్తి కూలింది. నా కడుపు చల్లబడింది. కరచాలనాలు, ఫొటోలు, పక్క క్యాంపుకు రేడియోలో కబురు. ఆ కబురు నేనే పంపించాను.

మేం ఆ సంబరంలో ఉండగా తెండెకై మంద వెళ్లిన దారిలో నడిచి ఒక ఆకు పట్టుకొచ్చాడు. దాని మీద నెత్తురు బొట్టు.

"చిమ్మి ఉంటుంది" అన్నాను.

"మనది తూర్పుకు పరుగెత్తింది. ఇది పడమట దొరికింది. నెత్తురు కూడా పడమటికి పరుగెత్తిందా?"

"పొద్దు దిగుతోంది, మాంసం పాడవుతుంది. పద."

మాంసం ముట్టడు కాబట్టి చర్మం ఒలిచేవాళ్ల పక్కన నిలబడి తూటా కోసం చూడటం తెండెకై అలవాటు. దొరికినదాన్ని కడిగి, రెండు చేతులతో, కొట్టినవాడి అరచేతిలో పెట్టేవాడు. నీది నీకు, అనేవాడు. ఆ సాయంత్రం డాక్టరు చెయ్యి చాపి కూర్చున్నాడు. తెండెకై ఉత్త చేతులతో వచ్చాడు.

"ఈ పక్క కన్నముంది, ఆ పక్కా కన్నముంది. తూటా ఏది?"

"మట్టిలో ఉంటుంది."

"మట్టికి నెత్తురు కారదు కదా."

నేను విసుక్కున్నాను. తప్పని లోపల తెలుస్తూనే ఉంది, అందుకే ఎక్కువ విసుక్కున్నాను.

తెల్లారాక మళ్లీ వచ్చాడు. "వాగవతల ఆడాళ్లు రేగుపళ్లకు వెళ్తారు. మా తరిరో వాళ్లమ్మ కూడా వెళ్తుంది. నువ్వు రైఫిల్ తీసుకుని నాతో రా, ఒక్క పూట."

"డాక్టరుకు చిరుత కోసం కట్టిన ఎర చూపించాలి. నువ్వే వెళ్లి చూసి రా. ఏమీ లేదని తేలాక ఇంక నా చెవి కొరక్కు."

"సరేలే కోతీ" అని గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లాడు. కోపంగా అనలేదు. సహ్విర కోపంగా అనడు.

పదింటికి అరుపులు వినిపించాయి. జీపులో పరుగెత్తాం. ఆడవాళ్లు వాగు ఇవతల గుంపుగా నిలబడి ఉన్నారు, బుట్టలు అవతలే పడిపోయాయి. వాళ్లను తెండెకై వెనక్కి తరిమాడట. చివరి మనిషి వాగు దాటేదాకా గొడ్డలి పట్టుకుని అక్కడే నిలబడ్డాడట. నేను చేరేసరికి అతను రేగుచెట్టు కింద పడి ఉన్నాడు, ఊపిరి లేదు. ఆడదున్న ఇరవై అడుగుల దూరంలో తల వంచుకుని నిలబడి ఉంది. కొట్టాను, పడింది. ఆ పూట నా రైఫిల్లో మొదటి తూటా మెత్తది. పొద్దున్నే నేనే మార్చి పెట్టుకున్నాను. అంటే తెండెకై చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసీ గొడ్డలితో పంపాను.

దాని కడుపులో పాత దెబ్బ ఉంది. అవతలి పక్క చర్మం కింద డాక్టరు తూటా దొరికింది. రైఫిల్ గొట్టం గీసిన గీతలు తప్ప ఒక్క సొట్ట లేదు, కొత్తదానిలా ఉంది. కడిగి జేబులో వేసుకున్నాను.

మర్నాడు అంత్యక్రియలు. నేను తప్పించుకోవాలనే చూశాను. పెద్దలు ఒప్పుకోలేదు. తెండెకై టోపీ తెచ్చి నా నెత్తిన పెట్టారు.

నడిచాను. కుడికాలు కాస్త ఈడుస్తూ, నేల చూస్తూ, అతనిలాగే. ఏడుస్తున్నవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. అతనిలాగే వంగి పేడ తాకి, వాసన చూసి, దణ్ణం పెట్టాను. ముసలమ్మలు పొట్ట పట్టుకున్నారు. అప్పుడు నాకు ఆగలేదు. అతని గొంతుతో అన్నాను, "ముందు మెత్తది పెట్టించు సహ్విరా." నా గొంతుతో అన్నాను, "మీ మేనమామకు నొప్పెడుతుందనా?" నవ్వారు. నెత్తురాకు చూపించాను. "పద, మాంసం పాడవుతుంది" అన్నాను. నవ్వారు. గొడ్డలి భుజాన వేసుకున్నాను. "ఏమీ లేదని తేలాక ఇంక నా చెవి కొరక్కు" అన్నాను. దానికీ నవ్వారు, ఎంత బాగా చేస్తున్నాడో అని. సహ్విర చావింట్లో ఏమన్నా చెల్లుతుంది. ఎవరూ కొట్టరు, తిట్టరు, ఎందుకని అడగరు. ఒక్కరైనా లేచి నా చొక్కా పట్టుకుంటారని చూశాను.

చివరికి జేబులోంచి తూటా తీసి, తెండెకైలాగే రెండు చేతులతో పట్టుకుని అందరి ముందూ తిరిగాను. "ఎవరిదిది?"

నవ్వులు సన్నగిల్లాయి. తరిరో వాళ్లమ్మ చాప మీద నుంచి లేచి వచ్చింది. ఆ తూటా తీసుకుని, వెలుతురులో తిప్పి చూసింది. తర్వాత తన భర్త టోపీ నా నెత్తి మీది నుంచి తీసేసింది. నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, రెండు చేతులతో ఆ తూటాను అందులో పెట్టింది.

"నీది నీకు, అన్నయ్యా" అంది.