ఓవెన్‌లో అట్ల పెనం

ఆ ఆదివారం గుణదలలోని ఆ ఇంట్లో నలుగురున్నారు. సంపూర్ణమ్మ, ఆమె భర్త సంజీవరావు, ఆయన తల్లి అమలమ్మ, మైలవరం పక్క పల్లె నుంచి వచ్చిన సంపూర్ణమ్మ అక్క కూతురు శౌరమ్మ. ఐదో మనిషి మధ్యాహ్నం భోజనానికి రావాలి. ఆవిడ సిస్టర్ లుచియా. ఎప్పుడో ఇటలీ నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ తల నెరిసిపోయిన మనిషి. కిందటేడు సంపూర్ణమ్మకు టైఫాయిడ్ వచ్చి, ఇక దక్కదని అందరూ అనుకున్నప్పుడు మంచం పక్క నుంచి కదలకుండా కూర్చున్నది ఆవిడే. ఇప్పుడు ఆవిడ సొంత దేశానికి వెళ్లిపోతోంది. ఈలోగా ఆవిడ ఊరి తిండి ఒక్కసారి తన చేత్తో వండిపెట్టాలని సంపూర్ణమ్మ పట్టుపట్టింది.

శౌరమ్మ వచ్చిన పని వేరు. పదో తరగతి పాసైంది. పిన్ని ఉంచుకుంటే ఇక్కడే ఇంటర్‌లో చేరుతుంది. లేదంటే నాన్న వచ్చి తీసుకుపోతాడు, చదువు అంతటితో సరి. వచ్చి వారమైంది. పిన్ని ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. శౌరమ్మ నోరు తెరిచి అడగనూ లేదు. అడగాల్సినవన్నీ డైరీలో రాసుకుని పడుకునేది.

"ఈ పిల్ల నోట్లో నాలుకుందో లేదో ఒకసారి చూడవే సంపూర్ణా," అనేది అమలమ్మ. అది విని శౌరమ్మ మరింత మూలకు జరిగేది.

ముందురోజు శనివారం నాడు సంపూర్ణమ్మ ఆ ఇటలీ తిండి, పిజ్జా, ఒకసారి చేసి చూసింది. పిండి పొంగడానికి ఈస్టు దొరక్కపోతే అమలమ్మ తాటికల్లు తెప్పించింది. క్రిస్మస్ రొట్టెలకు వాళ్లమ్మ అట్లాగే చేసేదట.

"అయితే సిస్టర్ గారు మనింట్లోంచి తూలుకుంటూ వెళ్తారన్నమాట," అన్నాడు సంజీవరావు.

పిండి బాగానే పొంగింది. దాన్ని పల్చగా ఒత్తి, కేకు చేసే పళ్లెంలో పరిచి, పైన టమాటా గుజ్జు, డబ్బా చీజు వేసి గుండ్రటి కరెంటు ఓవెన్‌లో పెట్టారు. పైన చీజు ఎర్రగా కాలింది. అడుగు మాత్రం తడిసిన అట్టముక్కలా వేలాడింది. సంజీవరావు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏమోయ్, దీన్ని తినమంటావా, పిండి ఆరెయ్యమంటావా?"

సంపూర్ణమ్మకు నవ్వు రాలేదు. "విరిస్తే పక్కగదిలోకి వినపడాలని చెప్పిందండీ ఆవిడ. రేపు ఈ ముద్దే పెట్టాలా నేను?"

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి అట్లు పోసుకుని తిన్నారు. పెనం కడిగింది శౌరమ్మే. వాళ్లింట్లో కడిగిన పెనాన్ని తడిమీద వదిలెయ్యరు. తుప్పు పట్టకుండా నూనె చెయ్యి రాసి, ఆరిపోతున్న పొయ్యి కడుపులో పెడతారు. ఇక్కడ ఉన్నది కిరసనాయిలు స్టవ్వు, దానికి కడుపే లేదు. లోపల చోటున్న పొయ్యి ఆ ఓవెన్ ఒక్కటే. శౌరమ్మ మూత తీసి, పెనాన్ని అందులో పెట్టి, మూత వేసి, పెరట్లోకి వెళ్లిపోయింది. ఆమెకు అందులో తప్పేమీ కనపడలేదు.

సంపూర్ణమ్మ వచ్చి, ముందుగా వేడెక్కుతుందని స్విచ్ వేసి, పిండి ఒత్తుకోసాగింది. సిస్టర్ రానే వచ్చింది. సంపూర్ణమ్మ ఓవెన్ మూత తీస్తే గుప్పున నూనె పొగ.

"ఇందులో పెనం పెట్టిందెవరు?"

"నేనా వైపే రాలేదు," అంది అమలమ్మ.

పెరట్లోంచి నీళ్ల చెంబుతో వచ్చిన శౌరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఓవెన్ పాడైతే ఇంకేముంది, తన పని అయిపోయినట్టే.

పెనం ఓవెన్‌కి సరిగ్గా సరిపోయింది. పట్టకారుకి అందలేదు, గుడ్డతో పట్టుకుంటే గుడ్డ కమిలింది. చల్లారేదాకా ఆగుదామంటే సిస్టర్ త్వరగా వెళ్లిపోవాలి. ఇక చేసేది లేక సంపూర్ణమ్మ ఒత్తిన పిండిని ఆ పెనం మీదే వేసింది. చుయ్యిమంది. గబగబా పైవన్నీ పరిచి మూత పెట్టింది. చీజు కాలాక అట్లకాడతో లేపి, ఒక దణ్ణం పెట్టుకుని, తెచ్చి బల్లమీద పెట్టింది.

సిస్టర్ ఒక అంచు విరిచింది. ఫెళ్లుమని అందరికీ వినపడింది.

ఆవిడ నమిలి, మిగతా ముక్కను తిప్పి అడుగు చూసింది. "మా అమ్మ రాతి పొయ్యిలో, రాయి మీదనే కాల్చేది. అదే అడుగు ఇది. మీకు రాయి ఎక్కడ దొరికింది?"

"రాయి కాదు సిస్టర్, అట్ల పెనం. పెట్టినవాళ్లెవరో మాత్రం ఒప్పుకోవడం లేదు."

శౌరమ్మ చెంబు కింద పెట్టింది. "నేనే పెట్టాను పిన్నీ. తుప్పు పడుతుందని పెట్టాను. పొయ్యిలాంటిదే అనుకున్నాను." ఒకసారి మొదలైన మాట ఆగలేదు. "నన్ను పంపించెయ్యొద్దు పిన్నీ. నాకు చదువుకోవాలనుంది."

సంపూర్ణమ్మ తెల్లబోయి చూసింది. "వారంనించీ మూల కూర్చుని ఉంటే, మీ నాన్న బలవంతాన దిగబెట్టి పోయాడనుకున్నానే. ఇష్టంలేని పిల్లని ఎట్లా ఉంచుకోనా అని నేను కొట్టుకుంటున్నాను. నీకు ఉండాలనుందని ఒక్కమాట చెబితే ఏం పోయింది?"

"ఉందమ్మా నాలుక," అంది అమలమ్మ.

సిస్టర్ తన పళ్లెంలోని ముక్కను విరిచి, సగం శౌరమ్మ చేతిలో పెట్టింది. అంచు పళ్లకింద కరకరలాడింది, లోపల మెత్తగా, కొంచెం కల్లు పులుపు. కళ్లలో నీళ్లు తిరిగాయి శౌరమ్మకు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. పెనాన్ని అట్లా దాచడం నేర్పిన అమ్మకా, తిట్టకుండా దాన్నే వాడుకున్న పిన్నికా, తినవలసిన ముక్కలో సగం ఇచ్చిన ఈవిడకా. ముగ్గురికీ మనసులోనే పెట్టుకుంది.

సిస్టర్ వెళ్తూ వెళ్తూ శౌరమ్మ నుదుటిమీద వేలితో సిలువ గుర్తు వేసింది. ఆవిడ రిక్షా ఎక్కాక శౌరమ్మ ఎంగిలి పళ్లేలు ఎత్తబోయింది. సంపూర్ణమ్మ వాటిని లాక్కుంది.

"కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనేనట. రేపు వెళ్లి నీకు సీటు అడిగొద్దాం. నువ్వు పోయి నాలుగు ముక్కలు చదువుకో."

"ఇవి తోమేసి వెళ్తాను పిన్నీ."

"నువ్వు రాకముందు ఎవరు తోమారే ఇవి?"

సంపూర్ణమ్మ ఆమెను భుజాలు పట్టుకుని ముందుగదిలోకి నెట్టింది. శౌరమ్మ వెనక్కి తిరిగి ఇంకేదో చెప్పబోతుంటే, వినకుండా తలుపు వేసేసింది.