గాలిమోటరు దిగిన చేను

నర్సవ్వ మామకున్న మూడెకరాల చేనును గడీ దొర నర్సింగ్ రావు తీసుకున్నది దున్నుకోవడానికి కాదు. ఫ్రాన్సు దేశం నుంచి తెప్పించుకున్న, రెండంతస్తుల రెక్కల విమానం, ఊరివాళ్ల మాటలో గాలిమోటరు, దిగడానికి. "గీ గాలిమోటరు నా ఇంట్ల ఉన్నన్ని దినాలు చేను నాది. అది పోయిన్నాడు మీది" అని పదిమందిలో మాటిచ్చాడు. దొర మాట కనుక కాగితం అడిగినవారు లేరు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకక గాలిమోటరు గడీ కొట్టం చేరింది. గుడ్డ రెక్కలతో, కర్ర ఎముకలతో దాదాపు నలభై ఏళ్లు అక్కడే పడి ఉంది. అది ఉన్నది కనుక చేను రాలేదు.

డెబ్బై ఎనిమిదిలో కోరుట్ల, మల్లాపూర్ వైపు రైతుకూలీ సంఘాలు లేచాయి. దొర కొడుకు దామోదర్ రావు భయపడి జగిత్యాలకు మకాం మార్చాడు. నర్సవ్వ కొడుకు రాజేశం సంఘంలో చేరి, చిన్ననాటి నుంచి తల్లి చెప్పిన మాటను అక్షరాలా పట్టుకున్నాడు.

"అది పోతే చేను మనదేనంటివి గదనే అవ్వా?"

"అన్నది నేనారా? పెద్దదొర."

"గట్లయితే నేనే పోగొడ్త."

రాజేశం, సంఘంవాళ్లు పట్టపగలే గాలిమోటరుకు నిప్పు పెట్టారు. వార్నీషు పూసిన గుడ్డ భగ్గున అంటుకుంది.

"ఇన్నేండ్లకు ఎగిరిందే దొర పిట్ట!" అని పక్కింటి ఎల్లవ్వ నవ్వింది. నర్సవ్వ కూడా నవ్వింది. మిగిలిన ఇనుమును బండి మీద సిరిసిల్లకు చేరవేసి, మర్నాడే చేనులో నాగలి కట్టారు.

ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది. పోలీసుల అండ దొరకగానే దామోదర్ రావు తన భూమిని ఆక్రమించారని అర్జీ పెట్టాడు. కాల్చిన సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదు. అది జాలి అనుకుంది నర్సవ్వ.

జగిత్యాలలో విచారణ. అధికారి పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. గుమ్మంలో రాజేశం నిలబడ్డాడు.

"చేను మీదైతే ఆయన చేతికి ఎట్లా పోయింది? కాగితం లేకపోతే ఇంకేదైనా రుజువుందా?"

నర్సవ్వ నోరు తెరిచేలోగా దామోదర్ రావు అందుకున్నాడు.

"గాలిమోటరు కోసం తీసుకున్నమంటది సార్. ఏమే నర్సీ, ఉండెనా మా ఇంట్ల గాలిమోటరు? ఉంటే యాడ వోయింది? ఎవలు కాలవెట్టిన్రు?"

అతడి మౌనంలోని లెక్క ఆమెకు అప్పుడు తెలిసింది. కాల్చారని అతడు ఫిర్యాదు చేసి ఉంటే చేను ఎందుకు తీసుకున్నదీ ఒప్పుకున్నట్టయ్యేది. ఇప్పుడు ఒప్పుకోవలసింది ఆమె. ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. కిందటి నెల ఎల్లంతకుంటలో పోలీసులు జీపెక్కించుకుపోయిన ఇద్దరు సంఘం పిల్లలు ఇంకా ఇల్లు చేరలేదు.

"చెప్పమ్మా. ఉండెనా, లేదా?" అన్నాడు అధికారి.

"లేదు సారూ. మా ఊర్లె గాలిమోటరును నేనెన్నడు సూడలే."

"అవ్వా!" అన్నాడు రాజేశం.

"నోర్ముయ్యి" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. చేను దొరదేనని అధికారి రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి రాజేశం తల్లితో మాట్లాడలేదు. గోడవైపు తిరిగి కూర్చుని అన్నం తినేవాడు. అతడు చివరి ముద్ద మింగేదాకా నర్సవ్వ అక్కడే కూర్చుని చూసేది.