మా గంగాధరాన్ని చంపింది నేనే

గంగాధరం మా చుట్టమేం కాదు, వారపత్రిక సీరియల్లో మనిషి. పెళ్లాన్ని వదిలి ఓడెక్కినాడు. ఆ తర్వాత వారాలు గడిచినా రాసే ఆయన వాడి ఊసే ఎత్తడే! నాయుడుపేట నుంచి బస్సులో పత్రిక రాంగానే, మా కోట ఊళ్లో శుక్రవారం ఆడోళ్ల ప్రార్థన కూడికకి ముందు నేనే చదివి వినిపిస్తా. అందరికీ వాడి దిగులే. ఒకసారి ఎలిశబెతు కండ్లు మూసుకుని, "ప్రభువా, గంగాధరాన్ని క్షేమంగా ఇల్లు చేర్చు" అనేసింది. మేమంతా ఆమెన్ అనేశాం! తర్వాత నవ్వుకున్నాం గానీ, ఆ ప్రార్థన మాత్రం మానలేదు.

మొన్న సీరియల్ అయిపోయింది. గంగాధరం రానేలేదు. మరి ఏమైనట్టు?

"కొలంబోలో ఇంకొకతెను కట్టుకున్నాడు," అనింది ఎలిశబెతు.

"నోరు ముయ్యే! మన గంగాధరం అట్టాంటోడు కాదు," అని రోషంతో నేనే అందుకున్నా. పరాయి ఊరి ఆసుపత్రిలో జ్వరంతో పడినాడన్నా. పెళ్లాం పేరు పిలుస్తా పిలుస్తా పోయినాడన్నా. తోటి ఓడవాడు వాడి కండ్లు చేత్తో మూసినాడని, హిందువైతేనేం, మన పాటే పాడి పూడ్చినారని చెప్పినా. అందరూ ముక్కులు చీదుకుంటుంటే నాకెంత సంబరమో! ఆ సంబరంలో ఎస్తేరమ్మ వైపు చూడనేలేదు, పాపిష్టిదాన్ని.

ఎస్తేరమ్మ మొగుడు దావీదు యాభై ఎనిమిదిలో మద్రాసు రేవుకి కూలికి పోయినాడు. ఆరేళ్లయింది, అజాపజా లేదు. "మా ఆయన తిరిగి రావాల" అని ఆమె వారం తప్పకుండా ప్రార్థన అడుగుతుంది. ఆ రోజు ఆమె వంతు వస్తే పక్కామెని కానియ్యమనింది.

"దావీదు కోసం చేద్దామా మే?" అన్నా.

"వద్దులేక్కా."

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. "అది కట్టుకథ మే! నా నోరు పడిపోను!"

"తెలుసులే మగ్దలీనక్కా. ఇన్నేండ్లూ నేను ఏడవను కూడా ఏడవలేదు. ఏడిస్తే పోయినాడని నేనే ఒప్పుకున్నట్టు గదా. ఇంక నా వల్ల కాదు. మా ఆయన కథ కూడా అట్నే చెప్పు. ఎవురో ఒకరు ఆయన కండ్లు మూసినారని చెప్పు."

"బతికే ఉండాడేమో గదమ్మా!"

"చెప్పక్కా."

అందరూ నా మొగమే చూస్తా ఉన్నారు. బతికుంటే, నా నోటితో వాణ్ణి పాతిపెట్టినట్టే. దేవుడు నన్ను క్షమిస్తాడా?

"దావీదుకి జ్వరం తగిలింది," అన్నా.

ఎస్తేరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. "నన్ను పిలిచినాడా?"

"పిలిచినాడు మే," అన్నా.

అప్పుడు ఏడ్చింది.