డాకింగ్ స్టేషన్‌కు కిటికీ గాలి

సెర్బియాలోని నిష్ నగరంలో ఉన్న మా ఆఫీసులో ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు బాగుచేసేది నేనే. మొన్న వేసవిలో మా పెద్ద గుమాస్తా రదోయ్క బల్ల మీద కొత్త డాకింగ్ స్టేషన్ పెట్టాను. ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ దానికి తగిలిస్తే పెద్ద తెర మీద కలిసి పనిచేయాలి. ఫోన్ కనెక్షన్ మాత్రం నిమిషానికోసారి తెగిపోతోంది.

"కిటికీ తీసిందెవరు? అటు తలుపు కూడా తీసే ఉంది. ఆ గాలి మధ్యలో కూర్చోబెడితే దానికి జబ్బు చెయ్యదూ?" అంది రదోయ్క. కిటికీకీ తలుపుకీ మధ్య వీచే గాలి తగిలితే జబ్బు చేస్తుందని మా దేశంలో పెద్దవాళ్ల నమ్మకం.

"అది ఫోనమ్మా! దానికి గాలేంటి?" అన్నాను ఒళ్లు మండి.

"మా పెదనాన్నా ఇలాగే వాదించాడు. మెడ పట్టేసి ఏడాదిపాటు పక్కకే చూశాడు."

మూడు కేబుళ్లు మార్చాను. లాభం లేకపోయింది. ఆవిడ కిటికీ మూసి, డాకింగ్ స్టేషన్‌కు ఉన్ని శాలువా చుట్టింది. ఫోన్ చక్కగా తెర మీదికి వచ్చింది. మళ్లీ పోలేదు.

ఉక్రోషం కొద్దీ నివేదికలో "కారణం: కిటికీ గాలి" అని రాసి, బెల్‌గ్రేడ్‌లోని పెద్దాఫీసుకు పంపాను. పది నిమిషాల్లో అక్కడి ఇంజనీరు ఫోన్ చేశాడు.

"యంత్రం సంగతి తర్వాత. అంతసేపు ఆ గాలిలో నిలబడ్డావు కదా, మెడకేమైనా చుట్టుకున్నావా?"

లేదన్నట్టు తల ఊపబోయాను. మెడ కదల్లేదు.