పెళ్ళికొడుకులు నిలబడే రాయి

తెల్లారగానే బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదలడం, ఉడికిన చిక్కుడుగింజలు, రొట్టెలు పైకి లాక్కోవడం దౌలత్‌కి అలవాటు. మూత తీసి వాసన చూడటం ఇంకో అలవాటు.

"నిన్నటివి కలిపావు కదూ?" అని పైనుంచి అరుస్తుంది.

"లేదమ్మా, అల్లా మీద ఒట్టు!" అంటాడు కింద బండివాడు.

"పొద్దున్నే అల్లాని చిక్కుళ్ళలోకి లాగకు!"

ఈ తంతు అయితేగాని కోమ్ ఎల్ దిక్కా గుట్ట మీద ఎవరికీ తెల్లారినట్టుండదు. అలెగ్జాండ్రియా మొత్తమ్మీద తన నీడని తానే నమ్మని మనిషి ఎవరంటే దౌలత్‌నే చూపిస్తారు. తమ్ముడూ మరదలూ పోయాక వాళ్ళ పిల్ల నగ్లాని కన్నకూతురిలా సాకింది. అందుకే ఆ పిల్లకి సంబంధం వచ్చిందంటే ఆవిడకి కంటిమీద కునుకుండదు.

ఇప్పుడొచ్చిన సంబంధం సబ్రీ. అన్ఫూషీ ఒడ్డున పడవలు కట్టే కుర్రాడు.

"పడవలు కట్టేవాడు ఏదో ఒకనాడు పడవెక్కి చక్కా పోతాడు. అయినా ఆ చేతులు చూశావా, ఎంత శుభ్రంగా ఉన్నాయో! పనిచేసే చేతులేనా అవి?"

"మనింటికొస్తున్నాడు కదా, కడుక్కున్నాడత్తా."

"అంతలా కడుక్కోవలసిన పనేం చేశాడో మరి!"

వాళ్ళ గుట్ట కిందే రోమన్ల నాటి నాటకశాల ఉంది. చుట్టూ పాలరాతి మెట్లు, నడుమ నేలమీద ఒక రాయి. దానిమీద నిలబడి మాట్లాడితే మాట ఖంగుమని తిరిగొస్తుంది. దాని వెనకే, కడుపులో దాచుకున్న మాట కూడా మన గొంతుతోనే వస్తుంది. ఎప్పట్నుంచో అంతే. అందుకే ఆ గుట్టమీది వాళ్ళు నిఖాకి ముందు పెళ్ళికొడుకుని తెచ్చి దానిమీద నిలబెడతారు. పిల్ల తరఫు పెద్దలు వింటారు. పెళ్ళికూతురు మాత్రం ఇంట్లోనే ఉండాలి.

రెండేళ్ళ కిందట గడియారాలు బాగుచేసే లుత్ఫీని కూడా అలాగే నిలబెట్టారు. పెద్దదిక్కుగా దౌలత్ ఒక్కతే వెళ్ళి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చింది. "వాడికి ఇంకో పిల్ల ఉందే తల్లీ, రాయి చెప్పేసింది" అంది. నగ్లా చాన్నాళ్ళు అన్నం సరిగా తినలేదు. లుత్ఫీ ఊరొదిలి దమియెత్తా వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు.

శుక్రవారం సబ్రీని తీసుకెళ్ళే వేళకి నగ్లా కూడా తలకి గుడ్డ చుట్టుకుని తయారైంది.

"నువ్వెక్కడికే? ఆచారం కాదు."

"కాకపోతే పోనీ. ఈసారి నా చెవులతో నేనే వింటాను."

దౌలత్ గతుక్కుమంది. అనుమానం ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పాలా? పిల్ల కళ్ళలో ఉన్నది అదే. చెప్పులు వేసుకుంది.

తీరా బయల్దేరాక సబ్రీ, "ముందు కోట చూద్దాం అత్తయ్యగారూ, పొద్దున్నే గాలి బాగుంటుంది" అన్నాడు. ఖైత్‌బే కోట గోడల వెంట కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటూ నడిచారు. అక్కణ్ణుంచి ఎర్రరాతి స్తంభం దగ్గరికి. తర్వాత, ఎండెక్కింది కదా, నేలకింద సమాధులు చల్లగా ఉంటాయన్నాడు.

"చూశావా!" దౌలత్ మేనకోడలి చెవిలో అంది. "చచ్చినవాళ్ళ దగ్గరికైనా తీసుకెళ్తాడు గాని రాయి దగ్గరికి రాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే!"

చివరికి ఆవిడే చొక్కా చెయ్యి పట్టుకుని నాటకశాలకి లాక్కొచ్చింది. అప్పుడే ఒక విదేశీయుడు రాయెక్కి నవ్వుతూ పెళ్ళాంతో ఏదో అన్నాడు. రాయి కూడా ఏదో అంది, వాళ్ళ భాషలోనే. ఆ పెళ్ళాం చరచరా నడిచి ఒక్కతే బస్సెక్కేసింది. గైడు టోపీ సర్దుకుని తర్వాతి గుంపుని పిలిచాడు.

సబ్రీ రాయెక్కాడు. "నగ్లాని కష్టపెట్టను."

"నగ్లాని కష్టపెట్టను," అంది రాయి. "ఊరంతా తిప్పింది ఈ పిల్ల పక్కన ఇంకాసేపు నడవొచ్చనే. ఇది అయిపోతే ఇంటికి పొమ్మంటారుగా!"

నగ్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దౌలత్ మాత్రం కరగలేదు. "బూట్లు విప్పి చెప్పు!"

విప్పాడు. మళ్ళీ చెప్పాడు.

"నగ్లాని కష్టపెట్టను," అంది రాయి. "అబ్బా, కాలుతోంది!"

"రాయి పాడైపోయింది!" దౌలత్‌కి ఒళ్ళు మండింది. "కడుపులో ఏమీ లేని మగాడుంటాడా? దిగు, దిగవయ్యా!" అంటూ అతని రెక్క పట్టి లాగింది. లాగిన ఊపులో తన కాళ్ళే రాయి మీద పడ్డాయి. ఆవిడ చూసుకోలేదు. "నా పిల్ల సుఖపడితే చాలు, నాకింకేమీ అక్కర్లేదు!"

"నా పిల్ల సుఖపడితే చాలు, నాకింకేమీ అక్కర్లేదు," అని రాయి ఆవిడ గొంతుతోనే అంది. "లుత్ఫీకి ఇంకో పిల్ల లేదు. వాడి మాట వాడికి అలాగే తిరిగొచ్చింది. నువ్వంటే నగ్లాకి ఇష్టం లేదని వాడితో చెప్పాను. ఇది వెళ్ళిపోతే పొద్దున బుట్ట లాగి ఎవరికి పెట్టి తినను?"

సబ్రీ బూట్లు చేత్తో పట్టుకుని దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. దౌలత్ ఇంకా రాయి మీదే ఉంది. సిగ్గుతో చచ్చిపోయింది.

"నగ్లా..." అనగలిగింది అంతే.

"నన్ను క్షమించవే తల్లీ," అని మిగతాది రాయి చెప్పింది.

నగ్లా కళ్ళు తుడుచుకుంది. తర్వాత నడిచి వచ్చి, రాయి అంచుకి ఇవతలే ఆగింది. చెయ్యి చాచింది.

"దిగత్తా. ఎండ మండిపోతోంది."

దౌలత్ దిగింది. సబ్రీ వైపు తిరిగి, "బూట్లేసుకో నాయనా," అంది. "వచ్చే శుక్రవారం నిఖా."

నగ్లా అత్త చెయ్యి వదల్లేదు. రాయి మీద కొంగైనా పడకుండా చుట్టూ తిరిగి నడిపించింది. గేటు దాకా వచ్చాక అంది: "నాకు కోపం లేదత్తా."

దౌలత్ టక్కున ఆగిపోయింది. రాయెక్కి చెప్పు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి తిరిగి రాయిని చూసింది. పిల్ల ముఖం చూసింది.

"సరేనమ్మా," అంది. "పద, పోదాం."